చుట్టాల బిందె

ఉదయగిరి కొండ కింద, ఊరికి అరమైలు ఎడంగా మిట్టపల్లె ఉంది. నలభై ఇళ్లు, ఒక చర్చి. ఆ పల్లెలో నలభై దాటిన మగవాడు మెడ తిప్పి వెనక్కి చూడలేడు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. ఆడవాళ్లు కింద కూర్చుంటే గోడ పట్టుకుని లేవాలి. పిల్లల పళ్లు మచ్చలతో వస్తాయి, కొందరి మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటాయి. బయటివాళ్లు దానికి తాగుడనీ, మేనరికాలనీ, సోమరితనమనీ తలా ఒక పేరు పెట్టారు. నోటికొచ్చింది అనడానికి ఎవరి సొమ్మేం పోయింది?

ఎస్తేరమ్మ ఆ పల్లెకు కోడలుగా వచ్చేనాటికి అక్కడ బోరింగు లేదు. నీళ్లు కావాలంటే ఊరి రైతు పెంచలయ్య నాయుడి చేలో బావి దగ్గరికి వెళ్లి, గట్టుకు పది అడుగుల దూరంలో బిందె పెట్టి నిలబడాలి. ఆ ఇంటి పాలేరు వచ్చినప్పుడు తోడి పోస్తాడు. రాకపోతే మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడాలి. కడుపుతో ఉన్నప్పుడు ఎస్తేరమ్మ అలా నిలబడి రెండుసార్లు పడిపోయింది. ఆ కోపం ఆమెలో ఆరలేదు. డెబ్బై తొమ్మిదిలో పల్లె ఆడవాళ్లందరినీ వెంటేసుకుని ఉదయగిరి తాలూకా ఆఫీసు ముందు నాలుగు రోజులు ఖాళీ బిందెలతో కూర్చుంది. బోరింగు వేసే దాకా లేవలేదు. నీళ్లు పడిన రోజు పాస్టరు ప్రార్థన చేశాడు, ఎస్తేరమ్మ ఏడ్చింది. ఇక జన్మలో ఎవరి గట్టు ముందూ నిలబడనని అందరూ వినేలా చెప్పింది.

ఆ నీళ్లు చూడటానికి అద్దంలా ఉంటాయి. నోట్లో పోసుకుంటే మాత్రం చౌడు రుచి, పప్పు ఉడకదు. అందుకని పల్లెలో ఒక మర్యాద ఏర్పడింది. నాయుడి ఇంట్లో పనికి వెళ్లినవాళ్లు వచ్చేటప్పుడు ఆ బావి నీళ్లు ఒక చిన్న బిందెడు అడిగి తెచ్చుకుంటారు. అవి ఇంట్లోవాళ్లు తాగడానికి కాదు. చుట్టం వస్తే ఇవ్వడానికి. ప్రతి ఇంట్లో మూలన, మూతపెట్టి, ఒక చుట్టాల బిందె ఉంటుంది. ఇంటికొచ్చిన మనిషికి చౌడు నీళ్లు ఇవ్వడం కంటే తలవంపులు ఇంకేం ఉంటాయి?

తొంభై నాలుగు ఫిబ్రవరిలో పెద్ద వైద్య కళాశాల నుంచి ఒక బృందం జీపులో వచ్చింది. ఏ పల్లెలో ఎవరికి ఏ జబ్బు, ఎందుకు అని లెక్క తీసేవాళ్లు. వాళ్ల డాక్టరు అనురాధ, పాతికేళ్ల పిల్ల, ఇంటింటికీ తిరిగి పళ్లు చూసింది, మోకాళ్ల మధ్య కొలత తీసుకుంది, ఎస్తేరమ్మ కొడుకు హెన్రీని వంగి కాలివేళ్లు తాకమంది. ముప్పై రెండేళ్ల హెన్రీ చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయి. దేనికోసం వెతుకుతున్నారని పాస్టరు అడిగితే ఆమె నవ్వి ఊరుకుంది. ముందే చెబితే జనం జవాబులు మారుస్తారట. చదువుకున్నవాళ్ల జాగ్రత్త అది.

వెళ్లబోయే ముందు ఒక సీసా ఎస్తేరమ్మ చేతికిచ్చింది.

"అమ్మా, మీ పల్లెలో తాగే నీళ్లు ఇందులో పట్టి ఇవ్వండి. నాక్కూడా ఒక గ్లాసు ఇవ్వండి, దాహంగా ఉంది" అంది.

ఎస్తేరమ్మ లోపలికి వెళ్లింది. గ్లాసు చుట్టాల బిందెలో ముంచింది. సీసా కూడా అందులోనే ముంచింది. ఆ పని చేయడానికి ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. పట్నంలో పెద్దవాళ్లు చూసే నీళ్లట, చౌడు నీళ్లు పంపితే పల్లె పరువేం కాను?

"నీళ్లు చాలా బాగున్నాయమ్మా" అంది అనురాధ, గ్లాసు తిరిగి ఇస్తూ.

నాలుగు నెలలకు మండలాఫీసు గోడ మీద జాబితా అంటించారు. నీళ్లలో ఫ్లోరైడు అనే విషం తేలిన పల్లెలన్నిటికీ దూరం నుంచి పైపులు వేసి మంచినీళ్లు ఇస్తారు. పదిహేడు పల్లెల పేర్లు ఉన్నాయి. మిట్టపల్లె పేరు లేదు. కింద చిన్న అక్షరాల్లో మాత్రం ఉంది. పాస్టరు చదివాడు: మిట్టపల్లెలో నీరు మంచిది, ఎముకల జబ్బుకు కారణం తిండి లోపం.

"మన నీళ్లు మంచివని రాసినారే! ఎట్లా?" అన్నాడు పాస్టరు.

ఎట్లాగో ఆ గుంపులో ఒక్క మనిషికే తెలుసు. ఎస్తేరమ్మ ఎవరికీ చెప్పలేదు. మర్నాడు బోరింగు నీళ్లు ఒక సీసాలో పట్టుకుని, ఆత్మకూరు బస్సెక్కింది.

సర్వే వాళ్లు ఆత్మకూరులో ఒక అద్దె ఇంట్లో ఉన్నారు. సగం సామాను అప్పటికే పెట్టెల్లోకి ఎక్కింది. ఎస్తేరమ్మ సీసా బల్ల మీద పెట్టి, దాచకుండా చెప్పేసింది.

"అమ్మా, అది నా తప్పు. చుట్టాల నీళ్లు పోసి పంపించినాను. మేం తాగేది ఇవీ."

అనురాధ ఆ నీళ్లు గాజుగొట్టంలో పోసి, ఎర్రటి మందు చుక్కలు వేసింది. ఎరుపు కళ్ల ముందే పసుపైపోయింది. విషం ఉంటేనే అలా మారుతుంది. ఆ పిల్ల కుర్చీలో కూలబడింది.

"నేనూ తాగానమ్మా ఆ గ్లాసెడు నీళ్లు. తియ్యగా ఉన్నాయి. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. తప్పు మీది కాదు. నా చేత్తో నేను పట్టుకోవాల్సింది."

"ఇప్పుడు మార్చి రాయి తల్లీ."

"నివేదిక వెళ్లిపోయింది. జనం తెచ్చిచ్చిన సీసాను పైవాళ్లు లెక్కలోకి తీసుకోరు. అయినా ఉత్తరం రాస్తాను. గడువు అయిపోయింది, ఇప్పుడు నేనొచ్చి పట్టినా చెల్లదు. మళ్లీ సర్వే ఐదేళ్లకు."

"ఐదేళ్లా? మా హెన్రీ కూతురు సారాకు ఇప్పుడు రెండేళ్లు. ఐదేళ్లకు ఆ బిడ్డ కాళ్లు ఏమైపోతాయి?"

అనురాధ సీసా మూత బిగించింది. "పెద్దవాళ్లకు చేయగలిగింది లేదు. పసిపిల్లలకు మాత్రం ఆ బోరింగు నీళ్లు పట్టకండి. వండేది కూడా వేరే నీళ్లతోనే వండండి. ఎలాగైనా సరే" అంది.

ఎలాగైనా! చెప్పడం ఎంత తేలిక!

బోరింగు నీళ్లే విషమని ఎస్తేరమ్మ పల్లెకు చెప్పింది. సీసా సంగతి మాత్రం గొంతులోనే ఉండిపోయింది. ఆడవాళ్లంతా కలిసి నాయుడి ఇంటికి వెళ్లారు. ఆయన భార్య ఆదిశేషమ్మ అరుగు మీదికి వచ్చింది. చెడ్డ మనిషి కాదు. అలాగని మంచితనం పొంగిపొర్లే మనిషీ కాదు.

"నలభై ఇళ్లకు నేనేడ తెచ్చి పోసేది? ఎండాకాలం మా గొడ్లకే చాలవు. పనోళ్లకు పోసే బిందెలూ ఇంక ఆపేస్తా" అంది. అందరూ వెళ్లిపోయాక, చివర మిగిలిన ఎస్తేరమ్మను చూసి గొంతు తగ్గించింది. "ఏమే ఎస్తేరా, పొద్దున్నే వచ్చి కొట్టంలో పేడ తీసి పో. నీకైతే రోజూ ఒక బిందె పోయిస్తాను. ఒక్క బిందె. ఊరంతా తోలుకురాబాకు."

పదిహేనేళ్ల కిందట ఎవరి గట్టు ముందూ నిలబడనన్న మనిషి, మర్నాడు తెల్లవారేసరికి ఆ గట్టు ముందు నిలబడింది. అప్పటికి ఆమె నడుమూ బిగుసుకుపోయింది. బిందె నెత్తికెత్తుకోలేదు. చంకన పెట్టుకుని, మూడుచోట్ల దించుకుంటూ అరమైలు దూరం నడిచేది. సారా తాగేది ఆ నీళ్లే, సారాకు అన్నం ఉడికేది ఆ నీళ్లతోనే. హెన్రీ దాహమేసినా ఆ బిందె ముట్టలేదు.

పక్కింటి రాహేలమ్మకు రూతు అనే కూతురుంది. సారా కంటే నెల చిన్న. ఇద్దరూ ఒకే అరుగు మీద ఆడుకునేవాళ్లు. ఒకరోజు రాహేలమ్మ గ్లాసు పట్టుకుని వచ్చింది.

"అత్తా, మా రూతుకు రోజూ ఒక్క గ్లాసు పోయి."

"నీకు పోస్తే రేపు నలభై మంది గ్లాసులు పట్టుకుని వస్తారు మే. ఆయమ్మకు తెలిస్తే ఇదీ పాయె" అంది ఎస్తేరమ్మ.

రాహేలమ్మ రెండోసారి అడగలేదు. నిజానికి బిందెలో నీళ్లు మిగిలేవి. పసిపిల్ల ఎంత తాగుతుంది? రేపు ఆదిశేషమ్మ వద్దంటుందేమోనన్న భయంతో ఎస్తేరమ్మ ఆ మిగిలినవి దాచేది. దాచినవి పాతబడితే మొక్క మొదట్లో పారబోసేది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ప్రార్థన నోట వచ్చేది కాదు. అయినా మర్నాడు అదే పని చేసేది. రూతుకు నాలుగేళ్లు వచ్చేసరికి మోకాళ్లు రాసుకున్నాయి. ఐదేళ్లకు పరుగు పోయింది. ఆరేళ్లకు గోడ పట్టుకుంది. అరుగు ఒకటే. ఒక పిల్ల దూకి దిగుతుంది, ఇంకో పిల్ల దేకుతూ దిగుతుంది. ఎస్తేరమ్మ ఆ అరుగు వైపు చూడటం మానేసింది.

తొంభై తొమ్మిదిలో జీపు మళ్లీ వచ్చింది. అనురాధే వచ్చింది. ఇప్పుడు కళ్లద్దాలు, గొంతులో అధికారం. దిగీ దిగగానే బోరింగు తానే కొట్టి, తన చేత్తోనే సీసా నింపుకుంది. తర్వాత చర్చి ముందు పిల్లల్ని వరసగా నిలబెట్టి కాళ్లు కొలిచింది. పద్నాలుగు మంది పిల్లలు. పన్నెండు మంది కాళ్లు రాస్తూ పోయిన పెన్ను, సారా దగ్గర ఆగింది.

"ఈ పాప ఇక్కడి పిల్లేనా?"

"నా మనవరాలే" అంది ఎస్తేరమ్మ.

"ఏ నీళ్లు తాగుతుంది?"

"నాయుడిగారి బావి నీళ్లు. రెండో ఏడాది నించీ."

అనురాధ ముఖం వెలిగింది. సారాను నడిపించింది, కూర్చోబెట్టింది, లేపింది, కొత్తగా వచ్చిన ముందుపళ్లు చూసింది. ఐదేళ్లుగా మోస్తున్న బరువు దిగిన మనిషిలా పాస్టరు వైపు తిరిగింది.

"ఈ పాప ఒక్కతీ చాలండీ! అదే పల్లె, అదే తిండి, అదే ఈడు. తేడా అల్లా నీళ్లే. తిండి లోపమని ఇక ఎవరూ అనలేరు. మీకు పైపు వస్తుంది. రాకపోతే నన్నడగండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పల్లె మొత్తం సారా తిన్నని కాళ్ల వైపు చూస్తోంది. ఎస్తేరమ్మ మనవరాలిని వెనక్కి లాక్కోబోయింది. అప్పుడు రాహేలమ్మ, రూతును చంకనెత్తుకుని, ఆమె దగ్గరికి వచ్చింది. కోపంగా లేదు. తెలియక అడుగుతున్నట్టే అడిగింది.

"రోజుకొక గ్లాసు మా రూతుకూ పోసుంటే, అత్తా, అప్పుడు ఇద్దరు బిడ్డల్ని చూపించుండొచ్చు గదా?"

నలభై ఇళ్లవాళ్లూ గ్లాసులు పట్టుకుని వస్తారన్న మాట ఐదేళ్లుగా ఎస్తేరమ్మ నోట్లో సిద్ధంగా ఉంది. ఆమె సారా చెయ్యి వదిలేసింది. పైపు వస్తుంది. రూతు కాళ్లు రావు. ఆ సంగతి అక్కడున్న ప్రతి తల్లికీ తెలుసు.

అనురాధ కొత్త కాగితం తీసి, తల ఎత్తకుండానే అడిగింది.

"తర్వాత పాప పేరు? వయసు? ఏ నీళ్లు?"

రాహేలమ్మ కూతుర్ని కొలతబల్ల మీద కూర్చోబెట్టి, ఎస్తేరమ్మ ముఖంలోకి చూస్తూ జవాబు చెప్పింది.

"రూతు. ఏడేళ్లు. బోరింగు నీళ్లు."