గొంతు మీద రెండు వేళ్ళు

నేను పదో తరగతి పాసయ్యానన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వీధికి మంచినీళ్ళ క్యాన్లు వేసే ఆటో అతను. మా ఇంట్లో ఫోను సరిగ్గా పనిచేయదని హాల్ టికెట్ నంబరు అతని ఫోనులో పెట్టించి ఉంచాను. మలుపు తిరుగుతూనే, "అక్కగారండీ! కొట్టేశారండీ! రెండూ కొట్టేశారండీ!" అని కేక వేశాడు. అంగన్‌వాడీ గుమ్మంలో పిల్లల చేతులు కడుగుతున్నదాన్ని చెంబుతో అలాగే నిలబడిపోయాను.

"ఏవండీ ఆ రెండూ?" అన్నాను, తెలిసి కూడా.

"సైన్సూ, సోషలూనండి. ఇంక మీకు మిగిలిందేముందండీ?"

కళ్ళు మూసుకుని "స్తోత్రం తండ్రీ" అనుకున్నాను. తెరిచేసరికి అతను క్యాను భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోతున్నాడు. రోజూ గుమ్మంలో దింపేసి పోయే మనిషి. "నేను పెడతాను లెండి. టీచర్లు బరువులు మోయకూడదండి" అన్నాడు.

అప్పటికి నేను టీచరును కాను, ఆయాను. మా సెంటరు టీచరు గారు ఆ వేసవిలో రిటైరవుతున్నారు. టెన్త్ పాసై ఉంటే ఆ చోటు నాకు దక్కే వీలుందని, లేకపోతే బయటి నుంచి మరొకరు వస్తారని సూపర్‌వైజరు మేడం ముందే చెప్పారు. అంతకు ముందు ఏడాది ఓపెన్ స్కూల్లో పరీక్షలు రాసి రెండు సబ్జెక్టులు తప్పాను. ఆవిడ రిటైరయ్యేలోగా ఇక మిగిలింది ఆ ఒక్కసారే.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న కలిదిండి అవతల చేపల చెరువులకు కాపలా. గట్టు మీదే మా పాక, బడి ఎక్కడో దూరాన. ఐదో తరగతి చదివిన మా అమ్మే నాకు గురువు. మేత సంచుల మీది అక్షరాలు చూపించి కూడబలుక్కోవడం నేర్పింది. ఆ తర్వాత పాటల పుస్తకం ఇచ్చింది. ఆమె పొయ్యి దగ్గర ఉండేది, నేను గుమ్మంలో. తప్పు చదివితే అక్కడి నుంచే దిద్దాలి కదా, అందుకని గట్టిగా చదవమనేది. అలా చదువంటే నాకు నోటితో చేసే పని అయింది. మరో రకంగా చదవవచ్చని నాకెవరూ చెప్పలేదు. అయినా ఆ పాకలో అంత చదువు దొరకడమే దేవుని కృప అనుకుంటాను.

పెళ్ళయి భీమడోలు వచ్చాక టీచరమ్మ గారు దొరికారు. తాడేపల్లిగూడెంలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నీటికాసుల జబ్బుతో రెండు కళ్ళూ పోయాయి. మా చర్చి పక్కన ఒంటరిగా ఉండేవారు. మధ్యాహ్నం పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక నేను వెళ్ళి ఆవిడకు బైబిలు వాక్యం చదివి వినిపించేదాన్ని. తర్వాత పేపరు, ఆ తర్వాత ఏదో ఒక కథ. ఆ గంట కోసం ఆవిడ పొద్దున్నుంచి ఎదురు చూసేవారు. నా చెప్పుల చప్పుడు వినగానే కుర్చీ నా వైపు జరుపుకునేవారు. టెన్త్ కట్టమని పట్టుబట్టిందీ, ఫీజు కట్టే ముందు నా పిరికితనాన్ని వదిలించిందీ ఆవిడే. పాఠాలు కూడా అలాగే సాగాయి. నేను చదవడం, ఆవిడ వినడం, ఆపి అర్థం చెప్పడం.

మొదటిసారి ఏలూరులో పరీక్ష. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు ఎలాగో గట్టెక్కాయి. సైన్సు రోజు ఇన్విజిలేటరు నా బెంచీ దగ్గర ఆగారు.

"ఏంటమ్మా ఆ గొణుగుడు? పక్కావిడకి జవాబులు అందిస్తున్నారా?"

"లేదండీ, చదువుకుంటున్నానండీ."

"చదువుకోడానికి నోరెందుకమ్మా?"

నన్ను లేపి తలుపు పక్క బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టారు. సిగ్గుతో పెదవులు బిగించాను. అంతే, పేపరు మూగదైపోయింది. అక్షరాలు కనిపిస్తున్నాయి, మాటలు కావడం లేదు. సోషల్ రోజూ అంతే. సగం కాగితం తెల్లగా వదిలేసి వచ్చాను.

తప్పానని తెలిసిన రోజు టీచరమ్మ గారి ఇంట్లో నేల మీద కూలబడ్డాను. "నాకు చదువు రాదండీ. నా పుట్టుకే అంతండీ" అన్నాను.

ఆవిడ ఓదార్చలేదు. "ఆ పేపరు ఉందా? చదువు" అన్నారు.

సంచీలోంచి తీసి చదివాను. ప్రతి ప్రశ్న తర్వాత "ఊఁ, జవాబు" అన్నారు. చెబుతూ పోయాను. ఏడుస్తూనే దాదాపు అన్నీ చెప్పాను.

"మరి అక్కడ ఎందుకు రాయలేదే?"

"అక్కడ పైకి చదవనివ్వలేదండీ."

ఆవిడ పకపకా నవ్వారు. "ఓసి పిచ్చిదానా! నీకు చదువు రాకపోవడం కాదే, నోరు మూసుకోవడం రాదు!"

నాకూ ఏడుపులోంచి నవ్వొచ్చింది. ఆవిడ మాత్రం ఆపేశారు. "తప్పు నాది. నా కళ్ళు పోయాయని నీ నోటిని వాడుకున్నాను. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, నాకు తెలియాలి కదా. రేపటి నుంచి నాకేమీ చదవకు. పరీక్ష అయ్యేదాకా."

"వాక్యం కూడానా అండీ?"

"వాక్యం కూడా. చాలావరకు కంఠతా వచ్చులే. ప్రభువు ఊరుకుంటాడు."

మర్నాటి నుంచి కొత్త పద్ధతి. నేను పుస్తకం పట్టుకుని ఆవిడ కుర్చీకి ఆనుకుని నేల మీద కూర్చునేదాన్ని. ఆవిడ కుడిచేతి రెండు వేళ్ళు నా గొంతు మీద పెట్టేవారు. పెదవులు మూసినా లోపల గొంతు కదులుతూనే ఉండేది. కదలగానే "మళ్ళీ" అనేవారు. పేరా అయ్యాక "ఏముంది అందులో?" అని అడిగేవారు. మొదట్లో ఏమీ ఉండేది కాదు. పదిసార్లు చదివినా గోడను చూసినట్టే ఉండేది.

అప్పుడు ఆవిడకు ఇంకో ఉపాయం తట్టింది. నోటి నిండా నీళ్ళు పట్టుకుని చదవమన్నారు. ఇంట్లో కూడా అలాగే చేసేదాన్ని. ఒకరోజు మా అత్తగారు వచ్చి, "ఏమ్మా, కూరలో ఉప్పు వేశావా?" అని అడిగారు. తలూపాను. "చేపలవాడికి రేపు రమ్మని చెప్పావా?" మళ్ళీ తలూపాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "చదువుకుంటే కోడలు ఇంత అణకువగా ఉంటుందని తెలిస్తే, పెళ్ళయిన రోజే బళ్ళో వేసేదాన్ని కదండీ" అన్నారు గోడ అవతలి ఆవిడతో. నా నోట్లోని నీళ్ళన్నీ సోషల్ పుస్తకం మీద పడ్డాయి. ఆ పేజీలు ఇప్పటికీ ఉబ్బే ఉన్నాయి.

ఎన్ని వారాలు పట్టిందో లెక్క పెట్టలేదు. ఒక మధ్యాహ్నం వేళ్ళు తీసి, "ఎందాకా వచ్చావు?" అన్నారు. చూసుకుంటే పాఠం అయిపోయింది. గొంతు కదలలేదు. నదుల పాఠం. అందులో ఏముందో మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆవిడ చేయి నా తల మీద ఉంచి ప్రార్థన చేశారు, మాటల్లేకుండా.

అప్పుడు అర్థమైంది, ఆ వారాలన్నీ ఆవిడ ఏం వదులుకున్నారో. చీకట్లో ఉన్న మనిషికి రోజుకు ఒక గంట వెలుతురు ఉండేది. దాన్ని ఆపేసి, నా మౌనం పక్కన కూర్చున్నారు. ఒక్కరోజు కూడా "కొంచెం పేపరు చదవవే" అనలేదు.

రెండోసారి హాల్లో కూర్చుని పేపరు తిరగేశాను. అక్షరాలు వాటంతట అవే మాటలయ్యాయి. ఇన్విజిలేటరు నా పక్కనుంచి రెండుసార్లు వెళ్ళారు, నన్ను చూడను కూడా చూడలేదు. ఎవరూ పట్టించుకోకపోవడం ఇంత ఆనందంగా ఉంటుందని ఆ రోజే తెలిసింది. అడిషనల్ షీటు కావాలని లేచి నిలబడి అడిగాను.

పాసయిన రోజు పరుగున వెళ్ళాను. ఆటో అతని కేక అప్పటికే ఆవిడ చెవిన పడింది. కుర్చీ నా వైపు జరిపి ఉంది. "మార్కులు చదువు, గట్టిగా" అన్నారు. ఒక్కో సబ్జెక్టూ రెండేసిసార్లు చదివించుకున్నారు. తర్వాత వాక్యం. చీకటి పడేదాకా చదివాను. గొంతు బొంగురుపోయింది. ఆవిడ చాలనలేదు, నేనూ ఆపలేదు.

ఆ వేసవి చివర్లో ఆర్డరు వచ్చింది. ఇప్పుడు ఆ సెంటరులో రిజిస్టరు మీద టీచరుగా సంతకం నాది.

ఇది రాస్తానంటే టీచరమ్మ గారు, "నా పేరు వేయకు, నాకు సిగ్గు" అన్నారు. అందుకే వేయలేదు. దయచేసి మీరు, ఏ దేవుణ్ణి కొలిచేవారైనా, ఈ రోజు మీ ప్రార్థనలో భీమడోలులోని చూపులేని టీచరమ్మ గారిని ఒక్కసారి తలచుకోండి.