కొలంబోలో తుండుగుడ్డ పరిచిన రోజు

మా నూజివీడు క్రికెట్టు జట్టు సముద్రం దాటి వెళ్ళి, ఆడిన మూడు ఆటలూ ఓడి వచ్చిందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళలో ఒక్కరూ ఆ ఆట చూడలేదు. నేను చూశాను. చూసింది రాస్తున్నాను. నన్ను మూడో తరగతితో బడి మానిపించారు. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుంటే దిద్దుకుని చదువుకోండి, విషయం మాత్రం దిద్దక్కర్లేదు.

అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది దాటింది. మాది మామిడికాయల వ్యాపారం. మా మామగారు పూత చూసి తోటలు కొనేవారు, ఇటు మైలవరం, అటు రెడ్డిగూడెం దాకా. మా ఆయన బెజవాడలో చదువుకునే రోజుల్లో క్రికెట్టు మరిగారు. ఊరికి వచ్చాకైనా ఊరుకున్నారా, లేదు. కొట్లో గుమస్తాల్ని, తోటల్లో కాయ కోసేవాళ్ళని పోగుచేసి జట్టు కట్టారు. ఊరి చివర మామగారిది ఖాళీ నేల ఒకటుండేది. పొద్దు వాలితే అందరూ అక్కడే. మామగారికి అది చూస్తే ఒళ్ళు మండేది. "నేను శిస్తు కట్టేది మీరు గెంతడానికా" అనేవారు. వేసవిలో గుంటలు తీయించి, తొలకరికి ఆ నేలంతా రసాల మొక్కలు పెట్టిస్తానని తేల్చి చెప్పేశారు. అంటుమొక్కలకి బేరం కూడా అయిపోయింది.

ఆ నేల పోతే జట్టు పోయినట్టే. మా ఊళ్ళో అంత చదునైన చోటు ఇంకొకటి లేదు, ఉన్నా మా వాళ్ళని ఆడనిచ్చేవాళ్ళు లేరు.

సరిగ్గా అప్పుడే మా ఆయనతో చదువుకున్న స్నేహితుడొకాయన కొలంబో నుంచి కబురు పంపారు. ఆయనకి అక్కడ బట్టల కొట్టుంది. అక్కడి కొట్లలో పనిచేసేవాళ్ళకి, బడిపంతుళ్ళకి జట్లున్నాయి, మీ వాళ్ళని తీసుకురా, మూడు ఆటలు ఆడదాం, పడుకోవడానికి మా గోడౌను ఇస్తాను అన్నారు. మా ఆయన నాలుగు రోజులు మింగలేక కక్కలేక తిరిగి, చివరికి భోజనాల దగ్గర మామగారి ముందు పెట్టారు. వడ్డించేది నేనే కాబట్టి ప్రతి మాటా విన్నాను.

"నాన్నగారూ, విక్టోరియా రాణి రోజుల్లోనే బొంబాయి పార్సీలు ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళి ఆడొచ్చారు. మనం పక్కనున్న సిలోనుకి వెళ్ళలేమా?"

మామగారు ముద్ద ఆపి, "ఎన్ని గెలిచారు?" అన్నారు.

మా ఆయనకి అబద్ధం చేతకాదు. "మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక్కటండీ."

"ఎన్ని ఆడితే?"

"చాలానే ఆడారండీ."

మామగారు నవ్వు కనపడకుండా మజ్జిగ తాగారు. "సరే, నువ్వూ ఒక్కటి గెలుచుకురా. ఆ నేల జోలికి రాను. గెలవకపోతే మాత్రం కూలీల్ని పెట్టను, గుంటలు నీ జట్టే తవ్వాలి."

ఇంకో షరతు కూడా పెట్టారు. బయటి మెతుకు ముట్టకూడదు. అయితే వండిపెట్టేదెవరని అత్తగారు అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. అలా నేను సిలోను వెళ్ళాను. అప్పటికి నాకింకా పిల్లల్లేరు, బెజవాడ దాటి ఎరగను.

బట్ట కంట్రోలులో ఉన్న రోజులవి. తెల్ల ప్యాంట్లు లేనిదే ఆట కాదట. కొత్త బట్ట ఎక్కడ తెచ్చేది? మామగారి పాత పంచెలు పెట్టెలో మూలుగుతున్నాయి. పక్కింటి మిషను మీద వాటినే ప్యాంట్లుగా కుట్టేశాను. అంచు కత్తిరించి పారెయ్యడానికి చెయ్యి రాక, కాలి పక్కన నిలువుగా వచ్చేట్టు పెట్టాను. ఎర్రంచు ఒకరికి, ఆకుపచ్చంచు ఒకరికి. జట్టులో గుమస్తాలు సిగ్గుపడ్డారు. కొలంబోలో దిగాక అక్కడివాళ్ళు అది మా జట్టు గుర్తనుకుని, ఆ చారలు ఎక్కడ కుట్టించారని అడిగారు. ఆ తర్వాత ఎవరూ సిగ్గుపడలేదు.

మా స్టేషను పేరు నూజివీడే గానీ, అది ఉన్నది హనుమాన్ జంక్షన్ దగ్గర. అక్కడిదాకా బియ్యం బస్తా, కందిపొడి డబ్బాలు, ఆవకాయ జాడీ, చింతపండు, వడియాలు అన్నీ బస్సు మీద వేసుకుని వెళ్ళి రైలెక్కాం. మద్రాసులో బండి మారాం. సముద్రం ఒడ్డున డాక్టర్లు కళ్ళూ నాలుకా చూసి పంపారు. అంతెత్తు చెట్టు కొసకి చిటికెలో ఎక్కే మా కోతవాళ్ళు ఓడలో కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకు కూర్చున్నారు. అందరూ వాంతులు చేసుకున్నారు, నేను చేసుకోలేదు. తిన్నది పారబొయ్యడం నాకు అలవాటు లేదు.

గోడౌనులో బట్టల మూటల మధ్య పొయ్యి పెట్టాను. ఇంటి దగ్గరైతే మా పంక్తి వేరు, కోతవాళ్ళ పంక్తి వేరు. అక్కడ రెండు పంక్తులు వెయ్యడానికి చోటూ లేదు, రెండుసార్లు వడ్డించడానికి నాకు ఓపికా లేదు. అందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. సోలతో కొలిచి అన్నం వండేదాన్ని. "అమ్మగారు మెతుకులు లెక్కపెడుతుంటే మనకి పరుగులెక్కడ వస్తాయి" అని ఒక గుమస్తా గొణిగాడు. గెలిచిన రోజు రెండో సోల పోస్తాను, ముందు గెలవండి అన్నాను.

మొదటి ఆట చిత్తుగా ఓడాం. రెండోది కాస్త మర్యాదగా ఓడాం. కానీ రెండు ఆటల్లోనూ అక్కడివాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూసింది ఒకటుంది. గాల్లోకి లేచిన బంతి మావాళ్ళ చేతుల్లోంచి ఒక్కటీ జారలేదు.

ఎందుకు జారుతుంది? రసం కాయ నేలకి తగిలితే పైకి ఏమీ తెలియదు, పండేసరికి లోపల నల్లబడి ఉంటుంది. అందుకని చెట్టు మీదివాడు తొడిమతో కోసి "కాయ" అని కేకేస్తాడు. కిందివాడు భుజం మీది తుండుగుడ్డ లాగి రెండు చేతులా పరిచి పట్టుకుంటాడు. కాయతో పాటు చేతులు కూడా కిందికి దిగాలి, ఎదురెళ్ళకూడదు. మా తోటల్లో అందరికంటే బాగా పట్టేవాడు కోతవాళ్ళకి పెద్ద, రెడ్డిగూడెం మేస్త్రీ. మా జట్టులోనూ అతనే.

అయితే క్రికెట్టులో గుడ్డతో పట్టకూడదట. అవుటివ్వరు సరికదా, అవతలివాళ్ళకి ఐదు పరుగులు ఊరికే ఇస్తారట. అందుకే మా ఆయన ఊళ్ళో ఉండగానే వాళ్ళకి ఒక కట్టడి పెట్టారు. బంతి పైకి లేస్తే "క్యాచ్" అని మాత్రమే అరవాలి. "కాయ" అన్న మాట ఆటలో ఎవరి నోటా రాకూడదు. ఆ మాట వింటే కోతవాడి చెయ్యి తనకి తెలియకుండానే భుజం మీదికి పోతుంది. తుండుగుడ్డలు కూడా నా దగ్గరే పెట్టించేవారు. మేస్త్రీ మాత్రం చెమట తుడుచుకోవడానికని నడుముకి ఒకటి చుట్టుకునేవాడు. పెద్దవాడు కదా, కాదనలేకపోయారు.

మూడో ఆట బడిపంతుళ్ళ జట్టుతో. మైదానం అంచున పెద్ద చెట్టొకటి కొమ్మలు లోపలికి చాచి ఉంది. దాని నీడలోనే నేను మంచినీళ్ళ బిందె పెట్టుకు కూర్చున్నాను. ఆ రోజు మావాళ్ళు ప్రాణం పెట్టి ఆడారు. సాయంత్రానికి పంతుళ్ళలో చివరి జోడీ మిగిలింది. నాలుగు పరుగులు చేస్తే వాళ్ళు గెలుస్తారు. ఒక్కడు అవుటయితే మేం గెలుస్తాం, ఊళ్ళో నేల నిలుస్తుంది. నాకు ఆట తెలియకపోయినా ఈ లెక్క తెలుసు.

వాళ్ళ చివరివాడు కళ్ళు మూసుకుని కొట్టాడనుకుంటాను, బంతి నిలువునా పైకి లేచింది. ఆ చెట్టు కంటే పైకి పోయి, కొమ్మల పక్కగా కిందికి రావడం మొదలుపెట్టింది. కింద మేస్త్రీ ఉన్నాడు. మా ఆయన వికెట్ల వెనకనుంచి గొంతు చించుకుని అరిచారు.

"కాయ!"

తను పెట్టిన కట్టడి తనే మర్చిపోయారు. మేస్త్రీ చెయ్యి నడుముకి పోయింది. తుండు గాల్లో విచ్చుకుంది. బంతితో పాటు అతని చేతులూ మెల్లగా దిగాయి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు. అంత అందంగా కాయ పట్టడం నేను మా తోటల్లో కూడా చూడలేదు.

మావాళ్ళు కొందరు గెంతారు. మా ఆయన మాత్రం కదల్లేదు. అంపైరు ఐదు వేళ్ళు చూపించాడు. బంతి ఇంకా తుండులోనే ఉంది, మేం ఓడిపోయాం.

పంతుళ్ళ నాయకుడు పెద్దమనిషి. మా ఆయన దగ్గరికొచ్చి, ఇలా గెలవడం మాకు బాగాలేదు, ఆ బంతి లేదనుకుని మళ్ళీ ఆడదామా అని అడిగాడు. మా ఆయన అతని చెయ్యి పట్టుకుని, రూలు తెలిసే ఆడాం, మీరే గెలిచారు అన్నారు. నేల సంగతి ఆయన నోట రాలేదు. మంచినీళ్ళకొచ్చిన గుమస్తా ఆ ఇంగ్లీషు మాటలు తెలుగులో చెప్పగా విన్నప్పుడు నా మొగుణ్ణి చూసి నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. బిందె మీద చెంబు బోర్లించి లేచాను.

ఆ పూట మేస్త్రీ అన్నానికి రాలేదు. మూటల వెనక గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నేనే వెళ్ళాను.

"ఏమయ్యా, నీకు కొలిచిన అన్నం ఎవరికి పెట్టను? పారెయ్యడం మా ఇంట లేదు."

"నేల పోగొట్టాను అమ్మగారూ. ఏ మొహంతో తినను?"

"కాయ అన్నది ఆయన. పట్టింది నువ్వు. ఇద్దరూ మీ పని మీరు చేశారు. లే."

లేచాడు. ఆ రోజు రెండో సోల కూడా పోశాను. గెలవలేదు కదా అని గుమస్తా అనబోతే ఒక చూపు చూశాను, నోరు మూసుకుని తిన్నాడు.

తిరుగు రైల్లో దారి పొడుగునా తప్పు నాదంటే నాదని మేస్త్రీ, మా ఆయన వాదించుకున్నారు. చివరికి మా ఆయన అందరితో ఒట్టేయించుకున్నంత పని చేశారు, ఇంటి దగ్గర ఓడామని మాత్రమే చెప్పాలి, ఎలా ఓడామో చెప్పకూడదని. చెబితే మామగారు మేస్త్రీని నలుగురిలో ఆడిపోసుకుంటారని ఆయన భయం.

మేం దిగేసరికి మామగారు అరుగు మీదే ఉన్నారు. "గెలిచారా?"

"లేదండీ."

ఇంకో ప్రశ్న లేదు. "పలుగులు కొట్టు వెనక ఉన్నాయి, రేపు తీయండి" అన్నారంతే. మా ఆయన తలూపారు. జట్టంతా వాకిట్లో నిలబడి ఉంది. మేస్త్రీ తల వంచుకుని ఉన్నాడు.

ఆ రోజుల్లో కోడళ్ళు మామగారికి ఎదురుపడి మాట్లాడేవాళ్ళు కాదు. నేనూ తలుపు చాటునుంచే మాట్లాడేదాన్ని. ఆ రోజు మాత్రం గడప దాటి అరుగు మీదికి వచ్చాను.

"మావయ్యగారూ, ఓడింది నిజమే. ఎలా ఓడారో మీరు అడగలేదు."

అత్తగారు లోపల్నుంచి గొంతు సవరించారు. నేను ఆగలేదు. చెట్టు పక్కనుంచి బంతి రావడం, ఈయన కాయ అనడం, మేస్త్రీ తుండు పరవడం, ఐదు పరుగులు, మళ్ళీ ఆడదామన్నా ఈయన వద్దనడం, అన్నీ చెప్పాను. మామగారు నా వైపు చూడకుండా మొత్తం విన్నారు. విని మేస్త్రీని ముందుకి రమ్మన్నారు.

"కాయ నేలకి తగిలిందా?"

"లేదు బాబుగారూ."

"తుండులో పడ్డాక ఎగిరిందా?"

"ఎగరలేదండీ. పడ్డది పడ్డట్టే ఉంది."

మామగారు కాసేపు మీసం దువ్వుకున్నారు. "దెబ్బ తగలని కాయని చెడ్డ కాయని ఏ బజార్లో అంటార్రా? ఆ ఆట మీదే."

మా ఆయన ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. "కాదు నాన్నగారూ, మేం ఓడిపోయాం. రూలు రూలే."

"ఆట నీది, రూలు నీది. ఒప్పుకుంటాను" అన్నారు మామగారు లేస్తూ. "నేల నాది. దాని మీద రూలు నాది. పలుగులు ముట్టుకోకండి."

లోపలికి వెళ్తూ నా దగ్గర ఒక్క క్షణం ఆగారు. "అమ్మాయ్, కాళ్ళు కడుక్కో" అన్నారు. తలుపు చాటుకి పొమ్మనలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ బేరం మీద మాటొచ్చినా నన్ను పిలిచి అడిగేవారు.

అంటుమొక్కలు మాత్రం బేరమైపోయాయి కదా, వదులుకునే ఇల్లు కాదు మాది. తొలకరికి మామగారు వాటిని ఆ నేల చుట్టూ గట్టు మీద వరసగా పెట్టించారు. గుంటలు జట్టే తవ్వింది, మేస్త్రీ దగ్గరుండి తవ్వించాడు. బంతి తగిలి ఒక్క కొమ్మ విరిగినా ఆట కట్టేయిస్తానని మామగారు బెదిరించారు. అందుకని మా జట్టువాళ్ళు బంతిని నేల బారునే కొట్టడం నేర్చుకున్నారు. మరుసటేడు బెజవాడ నుంచి వచ్చిన జట్టుని మా నేల మీద ఓడించింది అలా కొట్టే.