రంపానికి నొసలెక్కడ?

మా వాడకట్టులో మగ్గం దిగిన ప్రతివాడూ చివరికి ఏదో ఒక గేటు ముందు కాపలాకు తేలాడు. ఒకడు అపార్టుమెంటు గేటు, ఒకడు గోదాము గేటు. కాలేజీ గేటును నేను లోపలి నుంచీ బయటి నుంచీ చూశాను, పెద్ద తేడా ఏమీ లేదు. వెంకటరాజం ఒక్కడే గేటు వద్దన్నాడు. చీరలు నేసిన చేతులతో చెట్లు కోస్తానని మగ్గం విప్పేసి, పెట్రోలుతో నడిచే రంపం మిషిను తెచ్చుకున్నాడు. ఊరూరా మొక్కలు నాటిస్తున్న రోజులవి. "నాటెటోళ్లు గింతమంది ఉంటే, కోసెటోడు ఒక్కడన్న ఉండాలె గద" అనేవాడు.

మగ్గం పోయినా, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంట ఇంట్లోనే మిగిలింది. మిషిను కాపురం ఆ గుంటలో పెట్టాడు. ప్రతి శుక్రవారం మగ్గానికి బొట్టు పెట్టడం తండ్రి నేర్పిన పని. పసుపు రాలి నూలుకు అంటకుండా దాన్ని చిక్కటి గంజిలో కలిపి పెట్టడం కూడా తండ్రి నేర్పిందే. మగ్గం పోయిందని శుక్రవారం ఆగదు కాబట్టి బొట్టు మిషినుకు మారింది.

ఎక్కడ పెట్టాలన్నదే సమస్య. వెంకటరాజం ఏ పనీ పైపైన చేసే మనిషి కాదు, అదే అతని జబ్బు. పక్క మూత విప్పి, చైను తిరిగే పొడుగాటి ఇనుప పట్టీని బయటికి తీశాడు. దాన్ని బారు అంటారు. శుభ్రంగా తుడిచి చూస్తే, దాని మొదలు దగ్గర ముక్కుపుడకకు కుట్టినట్టు చిన్న చిల్లులు కనబడ్డాయి. పైన ఒకటి, కింద ఒకటి.

"గిదే దీని నొసలు" అన్నాడు భార్య ఆండాళుతో.

"నొసటికి చిల్లేందయ్యా?"

"బొట్టు ఈడ పెట్టుమని గుర్తు."

"గుర్తు ఎవలు వెట్టిన్రు, దేవుడా?"

"కంపెనోడు. కంపెనోనికి గూడ దేవుడుంటడు గద."

కంపెనీవాడు ఆ చిల్లు పెట్టింది నూనె కోసం. డబ్బాలోని నూనె దాంట్లోంచి బారు గాడిలోకి దిగి చైనును తడుపుతుంది. అది మా వాడకట్టులో ఎవరికీ తెలియదు. తెలియదని కూడా తెలియదు. వెంకటరాజం పక్షపాతం లేని మనిషి, రెండు చిల్లులకూ సమానంగా బొట్టు పెట్టాడు.

దసరాకు పెద్ద పూజ చేశాడు. దసరా వెళ్లాక మిషిను పొగ కక్కడం మొదలుపెట్టింది. చైను ఎండిపోయి కీచుమంటుంది, బారు వేడికి నీలంగా మారుతుంది, కట్టె తెగదు, కాలుతుంది. వెంకటరాజం భయపడి, తరువాతి శుక్రవారం బొట్టు ఇంకాస్త గట్టిగా అదిమి పెట్టాడు. మిషిను ఇంకాస్త పొగ కక్కింది. దాని కోపం తగ్గలేదని అతనూ భక్తి పెంచాడు. ఇద్దరూ పంతానికి పోయారు.

ఆండాళు ఇది చూస్తూ కూర్చోలేదు. జడ్చర్లలో మందుల కంపెనీలో పనిచేసే తమ్ముడు కమలాకర్‌కు చెప్పి, అక్కడ వాచ్‌మన్ పని ఖాయం చేయించింది. సోమవారం చేరాలి.

"ఐతారం మురళీమోహన్ పటేలుది ఎండిన చింతచెట్టు కోసుడున్నది" అన్నాడు వెంకటరాజం. "గా చెట్టు పడితే నేను యాడికీ రాను."

"పడకపోతే?"

"పడకపోతే గేటు కాడికే పోత" అన్నాడు. ఆండాళు ఆ మాటను నా ముందర ఇంకోసారి అనిపించింది. సాక్షిగా నేను పనికొచ్చిన సందర్భాలు తక్కువ, అందుకే బాగా గుర్తుంది.

ఆలేరులో రైల్వే స్టేషను వెనక గులాం నబీ మెకానిక్కు దుకాణం ఉంది. మందు కొట్టే పంపుల నుంచి బోరు మోటార్ల దాకా అన్నీ విప్పుతాడు. రోగం తెలిసిపోయిందన్న నమ్మకం మాత్రం విప్పకముందే మొదలవుతుంది. పత్తి కాలం, దుకాణం నిండా పంపులే. వెంకటరాజం ఫోను చేస్తే వినీ వినకుండానే రోగం చెప్పేశాడు.

"నూనె చిక్కగైంది రాజన్నా. పల్చటిది పొయ్యి."

పోశాడు, చైను తడవలేదు. మళ్లీ ఫోను.

"కింద నూనె స్క్రూ ఉంటది, జర తిప్పు. ఎక్కువొస్తది."

ఎక్కువే వచ్చింది. చైనుకు కాదు. దారి మూసుకుపోయిన నూనె పక్కల నుంచి కారి గుంట నిండా మడుగు కట్టింది. అందులో కాలుపెట్టి ఆండాళు జారింది. ఇంట్లో అన్నిటికీ నూనె అందింది, చైనుకు తప్ప.

"కారుతాందంటే పంపు మంచిగున్నట్టే" అని గులాం నబీ సంతోషించాడు. "ఇగ బారును కిందమీద జేసి బిగియ్యి. గంతే, ఫికర్ జెయ్యకు."

పైచిల్లు మూసుకుపోతే కిందచిల్లు పైకి వచ్చి పనిచేస్తుందన్నది అతని ఆలోచన. మంచి ఆలోచనే. కానీ వెంకటరాజం సమానత్వం ముందు అది నిలబడలేదు.

శనివారం వెంకటరాజం మిషినును బండి మీద పెట్టుకుని దుకాణానికే వెళ్లాడు. వెనక కూర్చుని దాన్ని పట్టుకుంది నేనే. గులాం నబీ తాడు లాగి మిషిను నడిపాడు. పొగ లేచింది. దుకాణం వెనకే వాళ్ల ఇల్లు. లోపలి నుంచి అతని భార్య షరీఫున్నీసా కేకేసింది.

"ఎవలింట్ల పోపు మాడుతాంది?"

"పోపు కాదు, మిషిను."

"మిషిను పసుపు వాసనొస్తదా? ముక్కున్నదా నీకు?"

గులాం నబీ మిషిను ఆపి, మొదటిసారి మూత విప్పాడు. సన్నటి తీగ తీసి బారు చిల్లులో పొడిచాడు. కందిపప్పు బద్దంత పసుపు ముక్క రాలింది, రాయిలా ఉంది. రెండో చిల్లులోంచి దాని తోబుట్టువు రాలింది. అరచేతిలో వేసుకుని వాసన చూశాడు.

"రాజన్నా, ఇదేంది?"

"బొట్టు."

"బొట్టు గింత గట్టిగుంటదా?"

"గంజిల కలిపిన. రాలద్దని."

"రాలలే" అన్నాడు గులాం నబీ. ఆ మాటలో కొంత మెప్పు కూడా ఉంది.

మిషినులో నూనె వచ్చే దారీ, బారు గాడీ పెట్రోలుతో కడిగి బిగించాడు. చైనుకు నూనె అందుతోందా లేదా చూడటానికి తెల్లటిది ఏదైనా కావాలన్నాడు. వెంకటరాజం భుజం మీది తువాల తీసి నేల మీద పరిచాడు. తన మగ్గం మీద చివర్లో నేసిన తువాల అది. మిషిను నడిపి బారు కొసను తువాల వైపు చూపితే, తెల్లటి బట్ట మీద సన్నటి నూనె గీత పడింది. దాన్ని వంగి చూసి, "అంచు సక్కగొచ్చింది" అన్నాడు వెంకటరాజం.

"పూజ బందు వెట్టాల్నా మరి?" అనడిగాడు కాసేపటికి.

గులాం నబీ మూలనున్న గాలి కంప్రెసరు చూపించాడు. దాని మీద ఎర్రటి బొట్టుంది. "ఇది కిరాయి జాగా. జాగ ఓనరమ్మ దసరకు వచ్చి పెడ్తది, నేను వద్దన్ననా? కానీ డబ్బ మీద పెడ్తది రాజన్నా. గాలి పొయ్యే తాన పెట్టది."

వెంకటరాజం దీన్ని తనదైన పద్ధతిలో అర్థం చేసుకున్నాడు. దారి పొడుగునా బండి మీద నాకు చెప్పింది ఒకటే. మిషినులో తప్పు లేదు, పూజలో తప్పు లేదు, నొసలు అనుకుని ముక్కు మూశాడు, అంతే.

ఆదివారం చింతచెట్టు దగ్గరికి కమలాకర్ కూడా వచ్చాడు. బావకు సరిపోతుందని తన పాత యూనిఫాం చొక్కా సంచిలో తెచ్చాడు. ఆండాళు ఆ సంచి పట్టుకుని గట్టు మీద కూర్చుంది. మురళీమోహన్ పటేలు దూరం నుంచే "రాజం, పొగ వెడ్తవా, కోస్తవా?" అని ఎత్తిపొడిచాడు. వెంకటరాజం మిషిను తాడు లాగాడు. రంపం దిగింది. పొట్టు తడితడిగా ఎగిరి పడింది. చింతచెట్టు కిర్రుమని, అతను చూపించిన వైపే వాలింది.

దుమ్ము తగ్గాక కమలాకర్ దగ్గరికి వచ్చాడు. "మా సారుకు ఏం జెప్పాలె బావా?"

"శుక్రారం శుక్రారం గేటుకు బొట్టు వెట్టనిస్తడా, అడుగు."

"అది కరెంటు గేటు బావా. జరుగుతనే ఉంటది."

"జరిగేదాని నొసలు నేను యాడ దేవులాడాలె?"

ఆండాళు లేచి కొంగు దులుపుకుంది. "ఈన గీ రంపం నొసలు దొర్కవట్టే వరకే నా నడుము ఇరిగింది. గంత పెద్ద గేటంటే కంపెనీ మూతవడ్తది. నువ్వు పో తమ్మీ."

కమలాకర్ వెళ్లిపోయాడు. చొక్కా మాత్రం వాపసు వెళ్లలేదు. శుక్రవారం ఆండాళు దాన్ని చించి బారు తుడిచే గుడ్డ చేసింది. బొట్టు ఇప్పుడు ఆమే పెడుతుంది, పైన పిడి మీద, గంజి లేకుండా. పెట్టేటప్పుడు వెంకటరాజాన్ని గుంట దగ్గరికి రానివ్వదు.