ఏసీ నీళ్ల ఆర్కిడ్

మొన్న మా ఇంట్లో ఏసీ బిగించిన అబ్బాయి, నీళ్ల గొట్టం కింద నేను బకెట్ పెడుతుంటే నవ్వాడు. "ఆ నీళ్లెందుకమ్మా?" అన్నాడు. "వీటిలో ఉప్పుండదు బాబూ, ఆర్కిడ్లకు మంచివి" అన్నాను. మా ఇంట్లో ఆర్కిడ్ లేదు.

డెబ్బైల చివర్లో షార్జా రోలాలో మేం రెండు కుటుంబాలం ఒక ఫ్లాటు పంచుకునేవాళ్లం. పక్క గది అక్కది నరసాపురం వైపు, ఆసుపత్రిలో నర్సు. బావగారు రాస్ అల్ ఖైమా రాళ్ల క్వారీలో పనిచేస్తూ శుక్రవారాలు వచ్చేవారు. ఒకసారి, స్వదేశం వెళ్లిపోతూ క్వారీ ముదీర్, అదే మేనేజరు, ఇచ్చాడని ఒక కుండీ తెచ్చారు. నేలలో పెరిగే ఆర్కిడ్, మంచు కురిసే దేశాల్లోనూ పెరట్లో బతికే మొండి రకం. "పూస్తే నీ గొప్ప, చస్తే ఎడారి తప్పు" అని అక్క చేతిలో పెట్టారు. పదో తరగతి దాటని నేను లైబ్రరీ నుంచి తోటపని పుస్తకం తెచ్చి, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి, పెత్తనమంతా నాదే అన్నాను. కుళాయి నీళ్లు ఉప్పన కాబట్టి కిటికీ ఏసీ కింద పాలపొడి డబ్బా పెట్టించాను. ఎదిగే కాలంలో ఎరువు బాగా పలచగా, అదీ వారానికోసారి. అక్కకు అది చాలేది కాదు. చాటుగా చేపలు కడిగిన నీళ్లు పోసేది. "యల్లా, టీచరమ్మ వచ్చేలోగా తాగేయ్" అని బావగారు మొక్కను తొందరపెట్టేవారు. ఎండలు ముదరకముందే ఊదారంగు పూలు పూసింది. ఆయన చెప్పులైనా విప్పకుండా నిలబడి చూశారు.

ఆ వేసవిలోనే క్వారీలో బండ జారి బావగారు పోయారు.

అక్క ఊరెళ్లి అన్నీ జరిపించి, తిరిగొచ్చి డ్యూటీలో చేరింది. చలికాలం మొదలవగానే ఆకులు పండి రాలిపోయాయి. "చావు కాదక్కా, నిద్ర. దుంప బతికే ఉంటుంది, మళ్లీ లేస్తుంది. అప్పటిదాకా ఎరువు పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు" అని పుస్తకంలో వేలు పెట్టి చూపించాను. తలూపింది. తీరా చూస్తే, ఆ చలిలో శాలువా కప్పుకుని, ఏసీ వేసుకుని, డబ్బాలోకి చుక్కలు పడతాయని కూర్చుని ఉంది. పక్కనే కలిపిన ఎరువు.

"వద్దక్కా, కుళ్లిపోతుంది."

"పెట్టకుండా ఎట్టాగుంటానమ్మాయ్? ఆ రోజు ఆయన ఏమీ తినకుండానే బండెక్కాడు."

డబ్బా నిండేదాకా నేనూ పక్కనే కూర్చున్నాను.

చలి తగ్గాక ఇద్దరం కుండీ బోర్లించాం. దుంప అక్క వేళ్ల మధ్య మెత్తటి బురదైపోయింది. కోపం లేదు, పసిపిల్లలా నావైపు చూసింది.

"లేస్తుందన్నావుగా అమ్మాయ్?"

దుంప ఎన్ని నెలలు నిద్రపోవాలో ఆ పుస్తకంలో ఉంది. దాని పక్కన వడ్డించుకుని కూర్చున్న మనిషి లేవడానికి ఎంత కాలం పడుతుందో, ఆ తర్వాత నేను తిరగేసిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు.