భయపడుతూనే తలుపు తీసిన టీచరమ్మ

పోయిన మంగళవారం పొద్దున వార్డులో మందులు పంచుతుండగా కుమ్హారి నుంచి ఫోన్ వచ్చింది. మా పక్క క్వార్టర్ టీచరమ్మ కూతురు. "దీదీ, అమ్మ పోయింది" అంది. "టీ పెట్టమంది. కప్పు తెచ్చేలోపే..." నేను ట్రే బల్ల మీద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఇరవై ఏళ్ళుగా నర్సుని. ఇలాంటి కబురు ఇంటివాళ్ళకు ఎలా చెప్పాలో నాకు తెలుసు. నేనే వినాల్సి వచ్చేసరికి ఏం చెయ్యాలో తోచలేదు.

సమాధి చేసే ముందు చర్చిలో అందరూ ఆవిడను ధైర్యవంతురాలన్నారు. ఆవిడ వింటే ఒప్పుకునేది కాదు. నాకు తెలిసి మా భిలాయి సెక్టర్ 7 మొత్తంలో ఆవిడంత భయస్తురాలు లేదు. ఉరిమితే టీవీ ప్లగ్గు పీకేసేది. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారి నుంచి వెనక్కి వచ్చేది. ఆటో ఎక్కితే ముందున్న కమ్మీని రెండు చేతులా పట్టుకుని, దిగేదాకా వదిలేది కాదు. విజయనగరం పక్కనుంచి పెళ్ళయి భిలాయి వచ్చి, స్టీలు ప్లాంటు బడిలో ముప్పై ఏళ్ళు చిన్నపిల్లలకు లెక్కలు చెప్పింది. బడిలో హిందీ, ఇంట్లో మాత్రం పుట్టింటి మాటే. భర్త పోయాక ఆ క్వార్టర్‌లో ఒక్కతే ఉండేది. మాదీ అటువైపు బొబ్బిలే. అయినా కరోనాకు ముందు పెరటి గోడ మీదుగా కరివేపాకు ఇచ్చిపుచ్చుకోవడం తప్ప మా మధ్య పెద్దగా మాటల్లేవు.

బళ్ళు మూసేసిన వారంలోనే కోవిడ్ వార్డు డ్యూటీ లిస్టులో నా పేరు వచ్చింది. మా ఆయన రాజహరా ఇనుప గనుల్లో పనిచేస్తారు. వారానికోసారి వచ్చే మనిషి, దారులు మూసేసరికి అక్కడే చిక్కుబడిపోయారు. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. పక్క ఊరు ఉతైలో ఉన్న మా ఆడపడుచుకు ఫోన్ చేశాను.

"పిల్లని పంపీ వదినా అనాలనే ఉంది" అంది ఆమె. "గానీ నువ్వు ఆ వార్డులోంచి వొచ్చి పిల్లని ముట్టుకుంటావు గదా. మా అత్తకి అసలే బాగోదు."

ఆమెను తప్పుపట్టను. ఆమె చోట నేనున్నా అలాగే అనేదాన్ని.

సెలవు చీటీ రాసి చేత్తో పట్టుకుని పెరట్లో చాకిరేవు బండ మీద కూర్చున్నాను. నేను డ్యూటీకి వెళ్ళకపోతే నా బదులు ఇంకో నర్సు వెళ్ళాలి. ఆమెకూ పిల్లలున్నారు. వెళ్తే, ఆ జబ్బును నా చేతులతో ఇంటికి తెచ్చి బిడ్డకు అంటిస్తానేమో. చీటీ మడిచాను, మళ్ళీ విప్పాను.

"ఏటమ్మా, అలగ కూకున్నావేటి?" గోడ అవతల నుంచి టీచరమ్మ.

చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. గడియ పెట్టిన చప్పుడు వినిపించింది. పాపం, భయపడింది అనుకున్నాను. పది నిమిషాల తర్వాత మళ్ళీ తలుపు తీసుకుని వచ్చింది. ముక్కూ నోరూ కప్పేలా కొంగు చుట్టుకుని, గోడకు నాలుగడుగుల ఎడంలో ఆగింది.

"పిల్లని నా కాడ వొగ్గీసి నువ్వు డ్యూటీకి ఎల్లు."

"మీకు ఉబ్బసం టీచరమ్మా. డెబ్బై దాటాయి."

"తెలుసమ్మా. లోపలికెల్లి ప్రార్థన సేసుకుని వొచ్చినాను. భయం ఏటీ తగ్గలేదు. తగ్గినాక సేద్దారంటే నాను ఎప్పటికీ సెయ్యను. అందుకే ఇప్పుడే సెప్తన్నాను."

ఆ చీటీ అక్కడే చింపేశాను.

అలా మా అమ్మాయి ఆవిడ ఇంటికి మారింది. నా డ్యూటీ వారాల్లో నేను పిల్లను గోడ ఇవతల నుంచే చూసేదాన్ని. ఎంత దూరంలో ఆగాలో టీచరమ్మ సుద్దతో గీత గీసింది. వాన పడి చెరిగితే మళ్ళీ గీసేది. నేను ఒక్క అడుగు ముందుకేసినా "గీత!" అని అరిచేది, క్లాసులో అరిచినట్టే. ఆన్‌లైన్ క్లాసు జరిగినంతసేపూ ఫోను ముందు పిల్ల పక్కనే కూర్చునేది. అవతలి టీచరు లెక్క తొందరగా దాటేస్తే, "మేడమ్, ఇంకోసారి సెప్పండమ్మా, ఎనకున్నోళ్ళకి అర్థం అవలేదు" అని హిందీ తెలుగు కలిపి అడిగేసేది. మా అమ్మాయి సిగ్గుతో బల్లకింద దూరేది. నాకు ఫోన్‌లో, "మమ్మీ, మామ్మ కో సమ్‌ఝావ్ న!" అని మొరపెట్టుకునేది. మామ్మకు నచ్చజెప్పడం నావల్ల అయ్యే పనా?

మరుసటి ఏడు ఎండాకాలం మొదట్లో జబ్బు రెండోసారి విరుచుకుపడింది. వార్డులో మంచాలు చాలక వరండాలో కూడా వేశాం. ముసుగు సూటు వేసుకుంటే ఫోన్ దగ్గరుండదు. ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగి, సూటు విప్పి, ఫోన్ చూస్తే టీచరమ్మ నుంచి పదకొండు కాల్స్. ఆ అంకె చూశాక స్కూటీ ఎలా నడిపానో ఇప్పటికీ గుర్తులేదు.

పిల్లకు ఒళ్ళు కాలిపోతోంది. ఆవిడ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డ వేస్తోంది. మాస్కు ఉంది కానీ ముక్కు కిందికి జారిపోయింది.

"జ్వరం వస్తే వేరే గదిలో ఉంచమని చెప్పాను కదా!" అని గుమ్మంలోంచే అరిచాను.

"ఉంచినానమ్మా. డర్ లగ్ రహా హై అని ఒకటే ఏడుపు. భయమేస్తంటే పిల్ల ఒక్కర్తీ ఎలగ పడుకుంటాది?"

"మీకు భయం లేదా?"

"సచ్చేంత ఉంది" అంది. గుడ్డ పిండి మళ్ళీ నుదుటి మీద వేసింది.

పిల్లకు నాలుగు రోజుల్లో తగ్గింది. ఐదో రోజు ఆవిడకు మొదలైంది. చివరికి మా వార్డుకే తెచ్చాం. కూతురు కుమ్హారి నుంచి వచ్చినా లోపలికి రానిచ్చే వీల్లేదు. ఆక్సిజన్ పెట్టాం. టీచరమ్మ మంచం కమ్మీ పట్టుకుని, ఒక్కో మాటకూ ఆగుతూ అంది.

"అందరూ ఒకేలాగ ఉన్నారు... నువ్వెవరో... తెల్డం లేదు."

మార్కరు తెచ్చి సూటు మీద గుండె దగ్గర 'పాప అమ్మ' అని తెలుగులో పెద్దగా రాసుకున్నాను. చదువుకుని కళ్ళు మూసుకుంది. మర్నాడు అడిగింది, "నిజిం సెప్పు. నాను సచ్చిపోతానేటి?"

'ఏమీ కాదు' అని అందరికీ చెప్పే మాట నోటిదాకా వచ్చింది. ఆవిడ కళ్ళు చూసి మింగేశాను. "నాకు తెలీదు టీచరమ్మా."

"సరే. నువ్వు అబద్ధం సెప్పలేదు... ఉండు ఇక్కడ" అంది.

ఉన్నాను. మిగతా మంచాల దగ్గరికి పరిగెత్తుతూ, మళ్ళీ వచ్చి చెయ్యి పట్టుకుంటూ ఉన్నాను. ఆ రోజుల్లో నేను పడ్డ భయం మా ఆయనకు కూడా పూర్తిగా చెప్పలేదు. నా డ్యూటీ, నా బిడ్డ, నా నిర్ణయం. మంచం మీద మాత్రం ఆవిడ.

మూడు వారాలకు ఇంటికి వచ్చింది. ఊపిరి మాత్రం మునుపటిలా రాలేదు. పెరడు దాటడానికి రెండుసార్లు ఆగేది.

బడి తెరుస్తున్నామని, పంపడం ఇష్టమైతే సంతకం చేయమని కాగితం వచ్చినప్పుడు నేను పెట్టనన్నాను. పిల్ల బడికి వెళ్తే, తిరిగొచ్చేది ఆవిడ ఇంటికే. జబ్బు మళ్ళీ సోకితే ఈసారి ఆవిడ తట్టుకోలేదు. ఆ సంగతి ఆవిడకు చెప్పకుండా దాచాను. మా అమ్మాయి చెప్పేసింది. టీచరమ్మ కర్ర పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"నా ఊపిరి బాగయ్యేదాకా పిల్ల బడి ఆగిపోవాలేటి?"

"ఇంట్లో మీరు బాగానే చెబుతున్నారు కదా. ఈ ఏడాదికి చాలు."

"లెక్కలు నాను సెప్తాను. పక్కపిల్లతో దెబ్బలాడ్డం, మళ్ళీ కలిసిపోడం ఎవలు నేర్పుతారు? ఏడాదిన్నర నుంచి ఒక ముసిల్దాని మొహమే సూస్తంది అది."

"మళ్ళీ మీకు వస్తే?"

కుర్చీలో కూర్చుని చాలాసేపు రొప్పింది. "నా కోసరం భయపడకు. నాతోపాటు భయపడు. ఇద్దరం ఉంటే పని ఆగదు."

సంతకం పెట్టాను. నా పేరు నేనే గుర్తుపట్టలేనట్టు వచ్చింది.

ఆ జబ్బు ఆవిడకు మళ్ళీ రాలేదు. ఇంకా కొన్నేళ్ళు బతికింది. మా అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చేదాకా లెక్కలు చూసింది. నడవడం మరీ కష్టమయ్యాక, ఈ మధ్యే కూతురు కుమ్హారిలో తన ఇంటికి తీసుకెళ్ళింది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. గుండె అంతగా ఎందుకు అలిసిపోయిందో నర్సుగా నాకు తెలుసు. సమాధి దగ్గర నుంచి వస్తూ ఆ మాటే ఆవిడ కూతురితో అన్నాను. నా పిల్లను ఆ రోజు ఆవిడకు అప్పగించకపోతే ఇంకొన్నాళ్ళు ఉండేదేమో, అని.

ఆమె వెంటనే కాదనలేదు. "కొన్నాళ్ళు నాకు మీ మీద కోపంగానే ఉండేది దీదీ" అంది. "మా ఇంటికి రమ్మని అమ్మను ఎన్నిసార్లు అడిగానో. పాపకి పరీక్షలున్నాయి అనేది. తర్వాత్తర్వాత అర్థమైంది. నాన్న పోయాక అమ్మ అంతలా ఎవరికోసమూ ఎదురుచూడలేదు." నా చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిచింది. నావల్లేనేమోనన్న నా భయం తీరలేదు. తీరుతుందని కూడా అనుకోను. కానీ ఆ చేతికి నేను రుణపడి ఉన్నాను.

ఇంటికొస్తుంటే, ఆ ఏడు బడి మళ్ళీ తెరిచిన రోజే గుర్తొచ్చింది. ఆ రోజు నాకు పొద్దుటి డ్యూటీ. పిల్లను ఆటోలో టీచరమ్మే దింపింది. మధ్యాహ్నం గంట పర్మిషన్ తీసుకుని నేను తీసుకురావడానికి వెళ్ళాను. గేటు ఎదురుగా కల్వర్టు మీద గొడుగు వేసుకుని ఆవిడ కూర్చుని ఉంది. గేటు కాపలా ఆయన నన్ను చూసి, "అమ్మాజీ సుబహ్ సే యహీఁ బైఠీ హైఁ" అన్నాడు, ఫిర్యాదు చేస్తున్నట్టు.

"ఇంటికి వెళ్ళలేదా? పొద్దుటి నుంచీ ఇక్కడేనా?" అన్నాను. "పంపమన్నది మీరే కదా!"

"నానే. అందుకే కూకున్నాను" అంది, గేటు మీంచి చూపు తిప్పకుండా.

ఆవిడ పక్కనే కూర్చున్నాను. లోపల ఏదో తరగతిలో పిల్లలు ఒక్క గొంతుతో ఎక్కాలు మొదలుపెట్టారు. మాస్కుల వెనక నుంచి ఆ శబ్దం గుడ్డ కప్పిన డోలులా వస్తోంది. టీచరమ్మ కూడా వాళ్ళతోపాటు అనుకుంటోంది. పైకి వినపడలేదు. ఒక్కో అంకెకు ఆవిడ మాస్కు గుడ్డ కొద్దిగా లోపలికి పోయి, కొద్దిగా బయటికి వస్తూ ఉంది.