గంప కింద అంబలి కుండ

పున్నమ్మ నోరు పెద్దదని ఊళ్లో అందరూ అనేవారు. నా నోటి సంగతి తెలిసినవాళ్లు కాబట్టి ఆ మాట నా ముందు మాత్రం అనేవారు కాదు. మా రెండిళ్లకీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే. ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో రెండో ఇంటికి తెలియకుండా ఉండేది కాదు.

మనిషి పొట్టి. చెయ్యి మాత్రం ఇనుము. వేసవిలో ముసునూరు దారిలో వీరరాఘవయ్య గారి మామిడితోటలో కాయలు ఏరి, గడ్డి పరిచిన గంపల్లో సర్దడం ఆవిడ పని. ఆ తోటలో ఒక వారన కొత్తగా అంటుమొక్కలు పెట్టారు. అవి ఎదిగి నీడ పట్టేదాకా మధ్య జాగా ఖాళీయే కదా. మొక్కలకి నీళ్లు పోసే కూలీలు ఆ జాగాలో తొలకరికి ఏదో ఒకటి చల్లుకోవచ్చని మా వైపు అలవాటు. అందరూ పెసలో, వేరుశనగో వేశారు. పున్నమ్మ చోళ్లు చల్లింది. రాగులంటారే, అవే. తన తోటలో చోళ్లేంటని వీరరాఘవయ్య గారు కూడా మొహం చిట్లించారట. మొక్కలకి నీళ్లు తగ్గితే అప్పుడు అడగమంది.

ఊరంతా నవ్వింది. ఎనభై నాలుగో, అయిదో, కోటా బియ్యం వచ్చిన కొత్త రోజులవి. కార్డు చూపిస్తే తెల్లటి బియ్యం చేతికొస్తుంటే, ఇంకా చోళ్లూ జొన్నలూ తినేవాళ్లని చూసి జాలిపడేవారు. ఆ తెల్లబియ్యం వండి, గంజి వార్చి దూడకి పోసి, పిల్లలకేమో ఉత్త అన్నంలో పచ్చడి కలిపి పెట్టేవారు. దూడలు నిగనిగలాడేవి. పిల్లలకి పొట్టలు ముందుకొచ్చి, కాళ్లు పుల్లల్లా ఉండేవి. అయినా తెల్లన్నం తింటున్నామని గొప్ప.

పున్నమ్మ మనవరాలు బుల్లెమ్మదీ అదే వాటం. ఏడాదిన్నర నిండినా నిలబడలేదు. కూర్చోబెట్టిన చోటే కూర్చుని వచ్చేపోయేవాళ్లని చూసేది. కోడలు కృష్ణవేణిది గుడివాడ వైపు కాలవ కింద వరి పండే ఊరు. చంటిపిల్లకి చోళ్లా అని అత్తగారిని దగ్గరికి రానిచ్చేది కాదు. శివరాత్రికి కృష్ణవేణి తల్లి అచ్చమ్మ వచ్చి పిల్లని చూసింది. మామిడిపళ్లనాటికి మళ్లీ వస్తాననీ, అప్పటికీ పిల్ల ఇలాగే ఉంటే తల్లినీ పిల్లనీ తీసుకుపోతాననీ చెప్పి వెళ్లింది. 

మర్నాడు పొద్దున్నే పున్నమ్మ చోళ్ల బస్తా విప్పింది. మొగుణ్ణి వదిలి పోవడం ఇష్టం లేని కృష్ణవేణి ఈసారి అడ్డుపడలేదు. బాలవాడి టీచరు లేయా వచ్చి, చోళ్లు నానబెట్టి, మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి తిరగట్లో విసిరితే పిల్లకి తేలిగ్గా అరుగుతుందని చెప్పింది. మొలకలొస్తే పొలంలో చల్లుకోవాలి గాని పిల్ల నోట్లో పోస్తారా అని పున్నమ్మ దెబ్బలాడింది. టీచరు వీధి మలుపు తిరగ్గానే చోళ్లు నానబోసింది. కొన్నాళ్లు పోయాక ఆ ఉపాయం తనదేనని నాకే చెప్పింది.

పొద్దున్న బెల్లం వేసిన జావ, మధ్యాహ్నం మజ్జిగ పోసిన అంబలి. మొదట్లో మూతి తిప్పుకున్న పిల్ల, పోనుపోను కుండ మూత చప్పుడైతే చాలు, పాకుతూ వచ్చేది. తొడలకి కండ పట్టింది. నిలబడడం మాత్రం లేదు. ఈలోగా తోటలో రసాలు పండాయి, అచ్చమ్మ వస్తున్నట్టు కబురొచ్చింది.

ఊరందరికీ చోళ్ల గొప్ప చెప్పిన పున్నమ్మ అప్పుడేం చేసిందో చెబితే నవ్వుతారు. అంబలి కుండని వసారా మూలకి చేర్చి, మామిడి గంప బోర్లించి, దాని కింద దాచింది. వియ్యపురాలి కంట చోళ్లు పడితే ఇల్లు గడవడం లేదని ఊరూరా చాటుతుందట. తెల్లన్నం, ముద్దపప్పు, మామిడికాయ పచ్చడి చేసింది. మాకు చెప్పినవన్నీ ఏ గంగలో కలిపావని గోడ మీంచి అడిగాను.

“నువ్వూరుకో అక్కా. ఆవిడ వెళ్లాక తిడుదువుగాని,” అంది.

అచ్చమ్మ వచ్చి, కాళ్లు కడుక్కుని, పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. తొడలు నొక్కి చూసింది. పప్పన్నం ముద్ద నోటికందిస్తే పిల్ల ఉమ్మేసింది. రెండో ముద్దా అంతే.

“చూశారా వదినగారూ, పిల్లకి అన్నం అలవాటే లేదు. రేపు పొద్దున్న బస్సుకి ఇద్దర్నీ తీసుకుపోతానండి.”

కృష్ణవేణి గుమ్మం పట్టుకుని అత్తగారి వంక చూసింది. పున్నమ్మ తలెత్తకుండా పప్పు వడ్డిస్తోంది.

బుల్లెమ్మ అమ్మమ్మ ఒళ్లోంచి జారింది. పాలవాసన తగిలిన పిల్లిలా వసారా మూలకి పాకి, గంపని లాగింది. అది కదల్లేదు. రెండు చేతులూ గంప మీద వేసి, పిర్రలెత్తి, కాళ్లు వణుకుతుంటే లేచి నిలబడింది. నిలబడి గంపని బాదుతూ ఏడుపు అందుకుంది. కదిలితే పిల్ల ఎక్కడ పడుతుందోనని కృష్ణవేణి ఉన్నచోటే ఉండిపోయింది.

“ఆ గంప కింద ఏముందండీ?” అని అడిగింది అచ్చమ్మ.

గోడ మీంచి నేనే చెబుదామనుకున్నాను. ఆ అవసరం లేకుండా పున్నమ్మ గరిట కింద పెట్టి లేచింది. ఒక చేత్తో పిల్ల రెక్క పట్టుకుని, రెండో చేత్తో గంప ఎత్తింది.

“చోళ్లంబలండీ. మీ మనవరాల్ని లేపింది ఇదే. పిల్లని తీసుకుపోతే ఈ కుండ కూడా తీసుకుపోండి.”

అచ్చమ్మ కుండలోకి చూసింది, పిల్ల కాళ్ల వైపు చూసింది. తనకో గ్లాసుడు పొయ్యమంది. తాగి, ఉప్పు చాలలేదంది. ఆ తర్వాత రెండో గ్లాసు అడిగింది.

మర్నాడు పొద్దున్న బస్సుకి ఒక్కతే బయల్దేరింది. పున్నమ్మ గంప నిండా రసాలు పెడుతుంటే, తన కొడుకు పిల్లాడు కూడా నీరసంగా ఉంటాడని నసిగింది. చోళ్లు కాసిని పొయ్యమంది. మా వీధిలో వాళ్లు చూస్తే బావుండదండీ, కాస్త అడుగున పెట్టండి అని కూడా అంది. పున్నమ్మ నవ్వలేదు. గంప సర్దడం ఆవిడకి చేతనైన పనే. అడుగున చోళ్ల మూట, పైన గడ్డి, ఆపైన రసాలు, ఒక్క గింజ కనపడకుండా సర్దింది.

బస్సు మలుపు తిరిగాక నా వైపు చూసి, “ఇప్పుడు తిట్టక్కా,” అంది.

తిట్టాను. బస్టాపు నుంచి ఇంటికొచ్చేదాకా తిడుతూనే ఉన్నాను. మధ్యలో బుల్లెమ్మ ఆవిడ చంకలోంచి దిగుతానని పేచీ పెడితే, దింపి, వేలు పట్టుకుని నిలబెట్టింది. పిల్ల అడుగేసేదాకా నన్ను కూడా ఆగమంది.