గట్టిగా

మా ప్రార్థన కూడికలో ఎవరింట కష్టమొచ్చినా పెద్దలు చెప్పే మాట ఒకటే: గట్టిగా ప్రార్థన చేయండి. ఆ మాటకు అర్థం నాకు తెలుసనే అనుకుంటూ వచ్చాను, పోయిన ఏడు నంద్యాల ఆసుపత్రిలో నా భర్త మంచం పక్కన కూర్చునేదాకా.

ఆయనది ఆళ్లగడ్డలో రాతిపని. సమాధుల మీద నిలిపే పలకలు చెక్కుతారు. కొత్త రాయి దిగగానే సుత్తితో చిన్నగా తట్టి చెవి పెడతారు. ఖంగున మోగితే "గట్టిదే" అంటారు. లోపల పగులుంటే మోగదట. ఆ పనిలో ముప్పై ఏళ్లుగా లేచిన దుమ్మే ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుంది.

ఆ ఉదయం డాక్టరు దాచకుండా చెప్పాడు. "సాయంత్రం దాకా చూస్తామమ్మా. ఆక్సిజన్ పెరగకపోతే గొంతులోకి గొట్టం వేయాలి. ఈ ఊపిరితిత్తులకు ఒకసారి వేస్తే మళ్లీ తీయగలమని మాటివ్వలేను."

తలాపున యంత్రం మీద ఎనభై నాలుగు. అది తొంభైకి రావాలి. ఇక నా కళ్లు ఆ అంకెను వదల్లేదు.

నేను బడికి పోలేదు. మా అమ్మ ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది, ప్రార్థనా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పొయ్యి ముందు కూర్చుని, పెదవులు కదపకుండా చేసేది. నాకూ అదే అలవాటు.

పక్కనే ఉన్న మా వదిన, ఆయన అక్క, చాలాసేపు ఓర్చుకుంది.

"ఏమ్మే, నిద్రపోతాండావా?"

"ప్రార్థన చేస్తాండా వదినా."

"ఇట్లనా? పాస్టరమ్మ ఫోన్లో ఏం చెప్పింది? గట్టిగా చెయ్యమనింది కదా. పక్కనుండే నాకే ఇనపడల్యా."

మధ్యాహ్నానికి అంకె ఎనభై మూడైంది. నాకు భయం పట్టుకుంది. ఇన్నేళ్లూ నేను సరిగ్గా అడగలేదేమో, నా నెమ్మది వల్లే ఈయన పోతారేమో అనిపించింది. లేచి నిలబడి గొంతెత్తాను. ఆ గొంతు నాది కాదు. వార్డంతా తిరిగి చూసింది. ఆయన ఉలిక్కిపడి కళ్లు తెరిచి, మాస్కు పక్కకు లాగారు.

"ఏంటికి మ్మే అరస్తాండావ్? నేను పోతాండానా?"

యంత్రం కీచుమంది. డెబ్బై తొమ్మిది.

నర్సు పరుగున వచ్చి మాస్కు బిగించి, అరిచింది మా వదినే అనుకుందో ఏమో, ఆమె వైపు తిరిగింది. "ఇది వార్డా, మీటింగా? బయట కూర్చోండి పెద్దమ్మా."

"అరిసింది ఆమె, బయటికి పోయేది నేనా?" అంటూనే వదిన వెళ్లింది.

పక్క మంచం పెద్దాయన కూతురు బుర్ఖా సర్దుకుంటూ వచ్చి, ఫ్లాస్కులో ఉన్న టీ సగం నా గ్లాసులో పోసింది. "తాగక్కా. మా నాయనకూ నిన్న ఇట్లనే పడిపోయింది, మళ్లీ ఎక్కింది." ఆ టీకి దేవునికి వందనాలు చెప్పుకున్నాను. అప్పుడు తట్టింది, పొద్దుటి నుంచి నేను ఒక్కదానికీ వందనం చెప్పలేదని. అడిగిందంతా ఆ అంకెనే.

యంత్రానికి వీపు పెట్టి కూర్చున్నాను. పెదవులు మూసుకున్నాను. ప్రభువా, ఈయనను నాకివ్వు, ఆ మాట మానలేను. నీ ప్రేమ గొప్పదని నోటితో ఎన్నిసార్లో అన్నాను, దాని లోతు మాత్రం నాకు తెలియదు. గొట్టం వేసినా ఆ ప్రేమ తగ్గదని నా లోపలికి తెలియాలి. ఆ బలం నా దగ్గర లేదు, నువ్వే పెట్టు.

భయం పోలేదు. కానీ దాని కింద కాలు మోపడానికి కాస్త నేల దొరికింది. తిరిగి చూడకుండా ఆయన చేయి పట్టుకున్నాను.

అయిదింటికి డాక్టరు వచ్చాడు. అంకె చూశాడు, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. "ఎనభై తొమ్మిది. ఈరోజుకు గొట్టం వద్దు. రేపు మళ్లీ చూద్దాం."

తొంభై కాదు. రేపటి మాట ఎవరూ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది, చప్పుడు కాకుండా ఏడ్చాను.

ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు. పట్టుకున్న నా చేతి మణికట్టు ఎముక మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టారు. చెవి పెట్టినట్టు తల కొంచెం ఇటు తిప్పారు.

"ఏందీ?" అన్నాను.

మాస్కు లోపల నుంచి మాట సన్నగా వచ్చింది.

"గట్టిదే."